కలివికోడి కూత

రేడియో వినువారికి చెవి విలువను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. మాటలాడు మనిషిని కన్నులతో చూడకుండగనే, గొంతును బట్టి అతడు పెద్దవాడో చిన్నవాడో, ఏ సీమవాడో, సంతోషముగ నున్నాడో అలసియున్నాడో గ్రహించుట శ్రోతలకు నిత్యకృత్యము. ఈ పూట మేము మీకు పరిచయము చేయదలచిన ప్రాణి కూడ గొంతును బట్టి గుర్తింపవలసినదే. దానిని కన్నులార చూచినవారు లోకమున మిక్కిలి కొలదిమంది. విన్నవారు అంతకంటె కొంచె మెక్కువ. ఇటీవలి కాలమున దాని గొంతు మన తెలుగునేలపై దప్ప మరియొక చోట వినబడినట్లు ఆధారము లేదు. అది ఒక పక్షి. దాని పేరు కలివికోడి.

కడప జిల్లాలో పెన్నానది ఒడ్డున సిద్ధవటము కోట యున్నది. కోటకు ఉత్తరముగ లంకమల కొండలు. ఆ కొండలపై ఎర్రచందనము పెరుగును. ఎర్రచందనమును ఎరుగనివారు లేరు. దాని విలువ తెలియని దొంగయు లేడు. కాని మన కథ కొండపైన గాక కొండ అడుగున జరుగుచున్నది. అచట నేల కొంత ఎర్ర, కొంత గులకరాయి. మహావృక్షములు లేవు. రేగుపొదలు, తుమ్మలు, వాని నడుమ కలివిపొదలు. కలివి ముండ్లచెట్టు. పూవు తెల్లగ, చిన్నదిగ, మంచి వాసనతో నుండును. పండు పండినపుడు నల్లబడును. పశువుల వెంట పోవు పిల్లలు ఆ పండ్లను ఏరుకొని తిని, నాలుక నల్లగ చేసికొని యింటికి వత్తురు. ఈ కలివిపొదల నడుమ తిరుగునది గనుక మన పక్షికి కలివికోడి యని పల్లెవారు పేరిడిరి.

పేరున కోడి యున్నదే గాని యిది కోడిజాతిది కాదు. పొలములలో మనిషి అడుగు వినగనే లేచి అరచుచు తిరుగు తీతువును మీరెరుగుదురు గదా. కలివికోడి ఆ తీతువునకు దూరపు చుట్టము. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు, అనగా పావురముకంటె కొంచెము తక్కువ. వెన్ను మట్టిరంగు. కన్నులు రాత్రి సంచారమునకు తగినట్లు పెద్దవి. కంటిపైన తెల్లని కనుబొమవంటి పట్టె. కంఠమున నారింజ వన్నె కలిసిన ఎరుపుమచ్చ. రొమ్మున రెండు గోధుమరంగు పట్టెలు, రెండుపేటల హారమువలె. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన లాటిను నామమునకు కూడ రెండు కంఠపట్టెలు గలది యనియే అర్థము. కాళ్లు పసుపువన్నెవి, పొడవైనవి. రెక్కలున్నను, ఎగురుటకంటె పరుగెత్తుటయే దీనికి ప్రియము. పగలెల్ల పొదనీడను కదలక మెదలక కూర్చుండి, చీకటిపడిన పిమ్మట బయలుదేరి చెదలను, చీమలను, పురుగులను ఏరుకొని తినును.

ఈ పక్షిని శాస్త్రలోకమునకు ఎరుకపరచినవాడు థామస్ జెర్డను. మద్రాసు రాజధానిలో సైనిక వైద్యుడుగ నుండిన యీ దొర మందులపెట్టెతో బాటు పక్షులను, పాములను, చేపలను గూర్చిన పుస్తకములను కూడ వెంటబెట్టుకొని తిరిగెను. ఆయన సంపాదించిన పక్షిని పరీక్షించి 1848లో ఎడ్వర్డు బ్లైత్ అను పండితుడు శాస్త్రీయముగ వర్ణించెను. ఆంగ్లమున నేటికిని దీనికి జెర్డనుపేరే నిలిచియున్నది. జెర్డనునం దొక మంచి గుణము కలదు. ప్రతి పక్షికి ఆ ప్రాంతపువారు ఏ పేరు పెట్టిరో అడిగి వ్రాసికొనెడివాడు. 1862 మొదలు 1864 వరకు వెలువడిన ఆయన భారతదేశ పక్షుల గ్రంథమున దీనికి ఇచ్చిన తెలుగుపేరు 'అడవి ఉత్తతిత్తి'. తిత్తి యనగా సంచి. ఉత్తతిత్తి యనగా వట్టి సంచి. అడవిలోని వట్టి సంచి యని ఆయన అర్థము కూడ చెప్పెను. తీతువుజాతి పక్షుల అరపును వినిన పల్లెవాని చెవికి ఆ ధ్వని 'ఉత్తతిత్తి' యని తోచియుండును. ఏమియు లేని సంచి యని వేళాకోళముగ నన్న మాట యది. ఈ పేరును శ్రోతలు జ్ఞాపకముంచుకొన వేడుచున్నాము. దానితో మనకు పని కలదు.

జెర్డను తరువాత గోదావరి తీరమున భద్రాచలము, సిరొంచ ప్రాంతములలో ఈ పక్షిని చూచినట్లు దాఖలాలున్నవి. 1900లో అనంతపురము దగ్గర కనబడెను. అంతటితో జాడ లేదు. ఇరువదవ శతాబ్దమున పక్షిశాస్త్రజ్ఞులు పలుమారు వెదకిరి. హైదరాబాదు సంస్థానమున పక్షుల లెక్క తీసిన సాలిం అలీకి కూడ అది దొరకలేదు. పుస్తకములలో దీని పేరు ప్రక్కన 'అంతరించినది కాబోలు' నను మాట చేరెను. ఒక తరము గడచెను. మరియొక తరము గడచెను. గాజుబీరువాలలో దూది కూరిన కొన్ని చర్మములు దప్ప కలివికోడి లేదని లోకము తీర్మానించుకొనెను.

ఇచట ఒక ముచ్చట చెప్పవలెను. ఆ మౌనకాలములోనే, 1917లో, కోలారు బంగారుగనుల ప్రాంతమున ఎవరో ఒక గ్రుడ్డును సేకరించిరి. అది సముద్రములు దాటి స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలకు చేరి, దాదాపు నూరేండ్లు పెట్టెలో నిద్రించెను. 2013లో దానిని పరీక్షించి, అది కలివికోడి గ్రుడ్డని నిర్ధారించిరి. బంగారమునకై భూమిని పాతాళమువరకు త్రవ్వుచున్న చోట, నేలమీదనే యీ నిధి యొకటి పడియుండగా ఎవరికిని తెలియకపోయెను.

సరే, లోకము తీర్మానించుకొనెనని యంటిమి. లోకమనగా ఎవరు? పుస్తకములు వ్రాయువారు, చదువువారు. లంకమల క్రింది పల్లెలలోని వేటగాండ్రను ఎవరైన అడిగిరా? ఆ అడుగుట 1985, 86లలో జరిగెను. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ అను యువశాస్త్రజ్ఞుడు పక్షి చిత్రమును చేతబట్టుకొని పల్లెపల్లెకు తిరిగి, దీనిని చూచితిరా యని అడిగెను. చూచితిమనిరి. పేరు కూడ చెప్పిరి. లోకమునకు ఎనుబదియారేండ్లుగ లేని పక్షికి, ఆ పల్లెలలో వాడుకలోనున్న పేరుండెను. మనకు లేనిది వారికుండెను. కాదు, వారికున్నదాని జాడ మనకు లేకుండెను.

1986 జనవరిలో రెడ్డిపల్లి సమీపమున ఒక వేటగాడు రాత్రివేళ టార్చిలైటు వెలుతురున ఆ పక్షిని పట్టి సజీవముగ తెచ్చి యిచ్చెను. వార్త దేశదేశములకు ప్రాకెను. కలివికోడి బ్రతికియున్నది! కాని ఆ సంతోషములో ఒక విషాదము గూడ కలిసెను. పట్టువడిన ఆ పక్షి చెరలో ఎన్నో దినములు బ్రతుకలేదు. లేదనుకొన్నది దొరకినంతనే చేజారెను. చేతికి చిక్కించుకొని నిలుపుకొనదగిన ప్రాణి యిది కాదని, దాని నేలలో దానిని నిలుపుట యొక్కటియే మార్గమని ఆ మరణము నేర్పినది.

1988లో లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. విస్తీర్ణము సుమారు 464 చదరపు కిలోమీటర్లు. ఆ సంవత్సరమే తపాలాశాఖవారు కలివికోడి బొమ్మతో రూపాయి బిళ్ల విడుదల చేసిరి. పొదలలో దాగినది ఉత్తరములపై నెక్కి ఊరూర తిరిగినది.

రాత్రి తిరుగునది, పొదలలో దాగునది, పిలిచిన పలుకనిది. అట్టిదానిని ఎట్లు లెక్కించుట? శాస్త్రజ్ఞులు రెండుపాయములు పన్నిరి. మొదటిది అడుగుజాడ. పొదల నడుమ బోసినేలలో మెత్తని మన్నును జల్లించి పట్టెలుగ పరచిరి. మన ఇల్లాండ్రు తెల్లవారి వాకిట ముగ్గుపట్టె తీర్చినట్లు వారు సాయంకాలము మట్టిపట్టె తీర్చిరి. రాత్రి దానిమీదుగ నడచిన ప్రతి ప్రాణియు తన సంతకము చేసి పోవును. ఉదయమున వచ్చి, ఇది కముజు, ఇది నక్క, ఇది కుందేలు అని చదువుకొందురు. కలివికోడికి వెనుకవ్రేలు లేదు. మూడు వ్రేళ్ల ముద్రయే పడును. ఆ ముద్రలను కొలిచి పోల్చి, పక్షిని చూడకయే పక్షి వచ్చినదని తెలిసికొనిరి. అడుగు పడగనే తమంతట తామే ఫోటో తీయు కెమెరాలను కూడ అమర్చిరి.

రెండవ ఉపాయము కూత. ఇది మా వృత్తికి దగ్గరి సంగతి గనుక కొంచెము వివరింతుము. ఇరువదియొకటవ శతాబ్దపు తొలియేండ్లలో దీని కూతను యంత్రమున నిక్షేపించి, ఇది కలివికోడిదే యని స్థిరపరచిరి. 'ట్విక్-టూ, ట్విక్-టూ' యని రెండక్షరముల పిలుపు. సూర్యాస్తమయమైన సుమారు ముప్పావుగంటకు మొదలగును. ఒక మూల నుండి యొకటి పిలుచును. దూరమున వేరొకటి బదులు చెప్పును. కొద్ది నిమిషములు మొదలు ఇరువది నిమిషముల వరకు ఈ సంభాషణ సాగి నిలిచిపోవును. రేడియోలో ఒక ప్రసంగమునకు పట్టునంత కాలము. ఆ వేళకు చెవి యొగ్గి కూర్చున్నవానికి వినబడును. ఆ తరువాత వచ్చినవానికి కీచురాళ్ల ధ్వనియే దక్కును.

ఈ పరిశీలనల వలన ముఖ్యమైన విషయ మొకటి తెలిసెను. కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు. బోసి మైదానమును పనికిరాదు. హెక్టారునకు, రెండు మీటర్లకు మించి ఎత్తైన పొదలు 300 మొదలు 700 వరకు ఉన్నచోట అది యుండు సంభవ మెక్కువ. మన లెక్కన ఎకరమునకు 120 మొదలు 280 పొదలు. పొట్టిపొదలు మరీ ముసురుకొనరాదు. పొద చాటునకు కావలెను. బోసినేల పరుగునకు కావలెను. గొడ్లును, మేకలును, కట్టెలు కొట్టువారును మితముగ తిరిగినచో పొద పలుచగ నుండి దీనికి మేలే కలుగవచ్చును. మితిమీరి తిరిగినచో పొదయే మిగులదు. కనుక మనిషిని పూర్తిగ వెడలగొట్టిన చాలుననుట సరికాదు. మనిషి యేమి చేసినను సరిపోవుననుటయు సరికాదు. ఎంతలో నిలువవలెనో తెలియుటయే ఇచట ధర్మము.

ఆ పల్లెల మనుష్యులను గూర్చి కూడ చెప్పవలెను. కొన్నియేండ్ల క్రిందట మేము శబ్దలేఖన యంత్రము తీసికొని లంకమల అడుగున నొక పల్లెకు పోయితిమి. కలివికోడి కూతను మా యంత్రమున పట్టి శ్రోతలకు వినిపింపవలెనను ఆశ. అటవీశాఖవారి అనుమతిమేరకు పొలముగట్టు దాటక, ఒక ముసలి గొర్రెలకాపరి తోడుగ కూర్చుంటిమి. పొద్దు గ్రుంకెను. ముప్పావుగంట కాచితిమి, గంట కాచితిమి. కముజులు కూసి ఊరకుండెను. ఎచటనో ఒక పైరిగువ్వ గొణిగెను. దూరమున బాటపై ఒక లారీ పోయెను. నీటిమోటారొకటి ఎడతెగక మ్రోగుచునే యుండెను. ఆ మోటారు ధ్వని దప్ప మా యంత్రమున కేమియు చిక్కలేదు.

లేచి వచ్చునపుడు, "పెద్దాయనా, నీ చిన్ననాడు ఈ కూత విన్నావా?" అని అడిగితిమి.

అతడు చేతికర్రతో చీకటిలో ఒక వైపు చూపెను. "ఇనకేం సామీ. అదిగో, ఆ తావులోనే కూసేది. నేను పిల్లోడుగా గొర్రెల మంద కాడ పండుకున్నప్పుడు దినామూ ఇంటాంటి. ఇప్పుడు ఆడ మావోడి నిమ్మతోట. ఆ మోటారు మాదే."

మేమేమియు అనలేదు. అతడే మరల అనెను: "ఆ తోటమీదే నా మనవరాలిని కడపలో సదివిస్తా ఉన్నాం సామీ. కంప కొట్టి తోట ఏసింది తప్పేనా? మీరు సదువుకున్నోళ్లు, చెప్పండి."

ప్రశ్న వేసి అతడు మా ముఖము వంక చూచెను. చీకటి గనుక మా ముఖము కనబడకుండుట మాకు మేలైనది. గ్రంథములలో చదివిన మాటలు మాకు చాల యున్నవి. వానిలో నొక్కటియు నోటికి రాలేదు. చదువుకొను ఆ బాలికను, కూయుచుండిన ఆ పక్షిని తక్కెడలో పెట్టి తూచుమని యడిగినట్లుండెను. "తప్పని మేమనము, పెద్దాయనా" అని మాత్రము చెప్పి వచ్చితిమి. ఆ రాత్రి నిక్షేపించిన మోటారు ధ్వనిని చెరిపివేయుటకు మాకు మనసు రాలేదు. అది నేటికిని మాయొద్దనున్నది.

ఇట్టి ప్రశ్నయే పెద్దయెత్తున కూడ ఎదురయ్యెను. శ్రీశైలము నుండి కృష్ణాజలమును మద్రాసు నగరపు దప్పిక తీర్చుటకును, దారిలో రాయలసీమ, నెల్లూరు పొలములకును కొనిపోవు తెలుగుగంగ కాలువ కడప జిల్లా గుండ పోవలెను. నీరు లేక తరతరములుగ వలసపోయిన సీమకు నీరు వలదనుటకు ఎవనికి నోరాడును? కాని కాలువ మొదట ఏర్పరచిన త్రోవ కలివికోడి పొదల మీదుగనే పోయెను. 2005 ప్రాంతమున పొదలలో త్రవ్వకము జరుగుచున్నదని శాస్త్రజ్ఞులు గుర్తించి మొరవెట్టిరి. విచారణ జరిగెను. తుదకు పొదలు తప్పునట్లు కాలువత్రోవ మార్చుటకు నిశ్చయించిరి. నీరును వచ్చును, పొదయు నిలుచును అను మార్గము వెదకిన దొరకునని అప్పుడు తెలిసెను. వెదకుటకు ఓపికయు, వెదకుమని పట్టుబట్టువారును ఉండవలెను.

కాలువ ఒక్కసారి వచ్చు ఆపద. దినదినమును జరుగు నష్టము వేరు. 1991 మొదలు 2000 వరకు గల పదేండ్లలో ఆ ప్రాంతపు పొదనేల పదింట నొకవంతునకు మించి తగ్గినదని ఉపగ్రహచిత్రములను పోల్చినవారు తేల్చిరి. ఒకనాడు ఒక ఎకరము కంప కొట్టుదురు. ఇంకొకనాడు రాతి క్వారీకి ఒక దారి తీయుదురు. ఎవరి ఎకరము వారికి చిన్నదిగనే తోచును. పక్షికి మాత్రము అన్నియు కలిసి ఒకటే ఇల్లు.

దీనికి మూలము మన మాటలోనే కలదని మాకు తోచును. మహారణ్యమును నరికిన మనము నొచ్చుకొందుము. చెరువును పూడ్చిన కోపింతుము. ముండ్లపొదలున్న నేలను చూచినపుడు మాత్రము 'ఇది వట్టి బంజరు, ఏమియు లేదు' అందుము. లెక్కల పుస్తకములలో కూడ అది పోరంబోకు. జెర్డను వ్రాసికొన్న పేరు మీకు జ్ఞాపకమున్నదా? అడవిలోని వట్టి సంచి. వట్టిదని మనము విసరివేయు ఆ సంచిలోనే ప్రపంచమున మరెక్కడను లేని ప్రాణి యున్నది. ఎర్రచందనపు దుంగకు కాపలా పెట్టుదుము; అడుగునున్న కలివిపొదకు కాపలా ఎందుకందుము. దుంగ తిరిగి మొలచును. కలివికోడి పోయిన మరల రాదు.

2008, 2009 సంవత్సరముల తరువాత కలివికోడి నమ్మదగిన రీతిగ కనబడుట నిలిచిపోయెను. ఒకటి కాదు, రెండు కాదు, పదునైదేండ్లకు పైగ లంకమల పొదలు పలుకలేదు. ప్రపంచమున అంతరించు ప్రమాదము అత్యధికముగ గల జీవుల పట్టికలో దీని పేరు నిలిచియుండెను గాని, ఆ పేరునకు వెనుక ప్రాణమున్నదో లేదో చెప్పగలవారు లేకపోయిరి. రెండవమారు కూడ 'అంతరించినది కాబోలు' నను మాట పెదవులమీదకు వచ్చుచుండెను.

అట్టి సమయమున, 2025 ఆగస్టులో, మన ఆంధ్రప్రదేశమున కొందరు పక్షిప్రేమికులు రాత్రివేళ చెవి యొగ్గి కూర్చుండగా ఆ రెండక్షరముల పిలుపు వారికి వినబడినది. వారు దానిని యంత్రమున నిక్షేపించిరి. ఆ వార్త వినిననాడు మాకు నిమ్మతోట గట్టుమీది ఆ ముసలి కాపరి జ్ఞప్తికి వచ్చెను. అతడు వినెనో లేదో మేమెరుగము. వినియుండిన, 'ఇనకేం సామీ' అనియే యుండును.

ఒక కూత వినబడినంత మాత్రమున కలివికోడి గట్టెక్కినదని తలంపరాదు. ఒక్క గొంతు మనకు ఇచ్చునది గడువు మాత్రమే. 1986లో మన కొక గడువు దొరకినది. దానిలో కొంత సద్వినియోగము చేసితిమి, కొంత జారవిడిచితిమి. ఇది రెండవ గడువు. మూడవది దొరకునని నమ్మకము లేదు.

ఈ గడువులో మనము చేయదగినదేమి? మొదట చేయరాని వానిని చెప్పుదుము. వార్త విని ఉత్సాహముతో కారులలో బయలుదేరి, టార్చిలైట్లతో ఆ పొదలలో తిరుగరాదు. సెల్‌ఫోనులలో ఆ కూతను మ్రోగించి పక్షిని పిలువరాదు. తన చోటికి పగవాడు వచ్చెనని అది కలవరపడి, మేతను, గూటిని విడిచి తిరుగును. మనకది వినోదము; దానికది భయము. అనుమతిగల పరిశోధకులకు, అటవీశాఖవారికి ఆ పని విడుచుటయే మన వంతు సాయము.

చేయదగినది, పల్లెవారి మాటకు విలువయిచ్చుట. కలివికోడిని 1986లో తిరిగి యిచ్చినది విశ్వవిద్యాలయము కాదు. ఒక వేటగాని జ్ఞాపకము. ఆ పొదల అంచున బ్రదుకువారికి, పొదను నిలుపుటవలన కూడ కొంత ఆదాయము చేకూరు ఏర్పాటుండవలెను. కావలివారుగ, పరిశోధకులకు దారిచూపువారుగ, పక్షుల లెక్క తీయువారుగ వారి పిల్లలకు పని దొరకినచో, నిమ్మతోట యొక్కటియే చదువునకు దారి కానక్కరలేదు. ముసలికాపరి ప్రశ్నకు మేము ఆనాడు చెప్పలేని సమాధానము బహుశః ఇదియే. తప్పతనిది కాదు, అతనికి వేరు దారి చూపని మన అందరిది.

ఇక, కడపకు దూరముగ నున్న శ్రోతలు తామేమి చేయుదుమని యడుగవచ్చును. మీ ఊరివెలుపల కూడ ఒక ముండ్లపొదల బీడు ఉండియే యుండును. దానిని వట్టినేల యనుకొనక, ఒక సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని గట్టుమీద కూర్చుండుడు. పొద్దు గ్రుంకిన పిమ్మట ఒక అరగంట ఊరక వినుడు. కముజు కూయవచ్చును, పైడికంటె పలుకవచ్చును, తీతువు అరచుచు పోవచ్చును. ఆ పిట్టల పేర్లు మీ యింటి పెద్దలకు తెలిసియుండును. అడిగి, పిల్లలచేత వ్రాయింపుడు. పేరు తెలిసిన ప్రాణిని మనిషి సులభముగ విడిచిపెట్టడు. లంకమల పల్లెలలో ఒక పేరు నిలిచియుండుట చేతనే గదా ఒక పక్షి మనకు తిరిగి దొరకినది.

రేపు పొద్దు గ్రుంకిన ముప్పావుగంటకు, మీరు దీపములు వెలిగించి రేడియో పెట్టుకొను వేళకు, లంకమల అడుగున ఏదో ఒక కలివిపొద చాటున ఆ పక్షి కూయుచుండవచ్చును. దానికి బదులు పలుకు రెండవ గొంతు ఉండవలెనని కోరుకొందము.